అవెడాన్ గురించి బావకో ఉత్తరం

తెనాలి

బావా,

నీ ఉత్తరం అందింది. మేనకోడలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఫ్యాషన్ ఫోటోగ్రఫీలోకి వెళ్తానంటోందని రాశావు. “మోడళ్లకీ సినిమావాళ్లకీ ఫోటోలు తీసుకుంటూ ఎంతకాలం బతుకుతుంది? అదీ ఒక పనేనా?” అని అడిగావు. ఫోనులో ఇలాంటివి తెగవు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నా జవాబు ముందే చెప్పేస్తాను. పనే, బావా. మనిషిని జీవితాంతం నిలబెట్టగల పని. అరవై ఏళ్లపాటు అదే చేసినవాడు ఒకడున్నాడు, రిచర్డ్ అవెడాన్. అతను చివరి ఊపిరి వదిలింది మీ టెక్సాస్‌లోనే. అతను చేసిన అతి పెద్ద పని మీ అర్వింగ్‌కి కారులో గంట లోపు దూరంలో, ఫోర్ట్‌వర్త్‌లో ఉంది. అతని సంగతి తెలిస్తే నీ బెంగ సగం తగ్గుతుందని నా నమ్మకం.

1923లో న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి రష్యా నుంచి వలస వచ్చిన యూదుడు, బట్టల దుకాణం నడిపేవాడు. ఫ్యాషన్ పత్రికలు చూస్తూ పెరిగిన పిల్లవాడు. వాళ్లింట్లో ఫోటో దిగడమంటే పెద్ద తతంగం. తమవి కాని ఇళ్ల ముందు, తమవి కాని కార్ల పక్కన నిలబడేవాళ్లు. చేతిలో ఎవరినో అడిగి తెచ్చిన కుక్క ఒకటి. పెద్దయ్యాక ఆల్బమ్ తిరగేస్తే ఒక్క ఏడాదిలోనే పదకొండు వేర్వేరు కుక్కలు కనిపించాయట. ఆ ఫోటోలన్నీ అబద్ధాలే గానీ, తాము ఎలాంటివాళ్లం కావాలనుకున్నామో ఆ నిజం మాత్రం వాటిలో ఉందని అతను రాసుకున్నాడు. మనిద్దరం పనిచేసిన ఫోటో స్టూడియో గుర్తొచ్చిందా? తాజ్‌మహల్ తెర, మేకుకి వేలాడే కోటు, తీగ లేని టెలిఫోను. సంబంధాలకి పంపే ఫోటో కోసం వచ్చిన ఆడపిల్ల మెళ్లో పక్కింటివాళ్ల గొలుసు. అవెడాన్ జీవితమంతా నడిచిన దారి అక్కడి నుంచే మొదలైంది. అరువు వస్తువులు ఒక్కొక్కటే తీసేసుకుంటూ పోయి, చివరికి మనిషి ముఖం ఒక్కటే మిగిల్చాడు.

పందొమ్మిదేళ్లకి, యుద్ధకాలంలో, మర్చంట్ మెరైన్‌లో చేరాడు. వెళ్లేటప్పుడు తండ్రి ఒక రోలీఫ్లెక్స్ ఇచ్చాడు. మన యాషికా మ్యాట్‌లాగే తల వంచి పైనుంచి చూసే కెమెరా. అక్కడ అతని పని నావికుల గుర్తింపు కార్డులకి ఫోటోలు తీయడం. వెనక ఖాళీ గోడ, ముందు ఒక ముఖం, దాని తర్వాత ఇంకో ముఖం. ఓ లక్ష ముఖాలు తీసి ఉంటాననీ, ఆ తర్వాత గాని తాను ఫోటోగ్రాఫర్‌నవుతున్నానని తట్టలేదనీ చెప్పుకున్నాడు. అంటే, బావా, ప్రపంచంలోకెల్లా పేరున్న ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్‌కి అక్షరాభ్యాసం జరిగింది పాస్‌పోర్ట్ ఫోటోలతోనే. నువ్వూ నేనూ అన్నం తిన్నది ఆ పని మీదే.

తిరిగొచ్చాక అలెక్సీ బ్రోడోవిచ్ అనే గురువు దగ్గర చేరాడు. ఆయన హార్పర్స్ బజార్ పత్రికకి ఆర్ట్ డైరెక్టర్. మొదట్లో ఎన్నోసార్లు తిప్పి పంపాడట. ఇతను పట్టు వదల్లేదు. ఇరవై రెండేళ్లు నిండేసరికి ఆ పత్రికలో అతని ఫోటోలు పడుతున్నాయి. అప్పటిదాకా మోడల్ అంటే బొమ్మలా నిలబడాలి. అవెడాన్ వాళ్లని పారిస్ వీధుల్లో నడిపించాడు, గెంతించాడు, నవ్వించాడు. హంగరీ నుంచి వచ్చిన మార్టిన్ ముంకాచి 1930లలోనే ఈ దారి తొక్కాడు. ఆయన ఫోటోలు చూసి నేర్చుకున్న సంగతి అవెడాన్ దాచలేదు. 1957లో ‘ఫన్నీ ఫేస్’ సినిమా వచ్చింది. అందులో ఫ్రెడ్ ఆస్టేర్ వేసిన ఫోటోగ్రాఫర్ పాత్రకి మూలం ఇతనే.

ఒక ఫోటో నీకు మాటల్లో చూపిస్తాను. 1955 ఆగస్టు, పారిస్‌లో ఒక సర్కస్ భవనం. డొవిమా అనే మోడల్ నల్లటి డియోర్ గౌను వేసుకుని నిలబడింది. నడుం నుంచి తెల్లటి పట్టు పట్టీ కిందిదాకా జారింది. వెనక ఏనుగులు. ఆమె ఒక చెయ్యి ఏనుగు తొండం మీద, రెండోది గాల్లో. పైనుంచి చూసుకుంటూ కిందికి రా. ఏనుగుల కాళ్లకి గొలుసులున్నాయి. ముడతలు పడ్డ ఆ తోలు పక్కన ఈ నున్నటి గుడ్డ, ఆ బరువు పక్కన ఈ నాజూకు. గౌను అమ్మడానికి తీసిన ఫోటో అది. కానీ చూసినవాడికి ముందు గుర్తుండేది గౌను కాదు, అందం ఎంత బలహీనమైనదో అన్న భావం. డొవిమా తర్వాతి రోజుల్లో ఫ్లోరిడాలో ఒక పిజ్జా హోటల్లో పనిచేస్తూ బతికింది. ఈ రంగంలో వెలుగు అందరి మీదా ఒకేలా నిలవదు. ఆ మాట మేనకోడలికి దాచకుండా చెప్పు.

ఇంకో సంగతి నీ కూతురికి మరీ ముఖ్యం. 1950ల చివర్లో చైనా మచాడో అనే మోడల్ ఉండేది. షాంఘైలో పుట్టింది, పోర్చుగీసు, చైనా రక్తాలు కలిసిన మనిషి. ఆమె ఫోటోలు వేయడానికి పత్రిక యాజమాన్యం ఒప్పుకోలేదు. తెల్లపిల్ల కాదన్నదే అభ్యంతరం. ఆమె ఫోటోలు వేయకపోతే నేనే మానేస్తానని అవెడాన్ పట్టుబట్టాడని ఆవిడే తర్వాత చెప్పింది. 1959లో వేశారు. పేరు సంపాదించడం ఒక ఎత్తు, సంపాదించిన పేరుని ఇంకొకరి కోసం పణంగా పెట్టడం ఇంకో ఎత్తు. అతని స్టూడియోలో సహాయకుడిగా చేరిన హిరో, జపాన్ కుటుంబంలో షాంఘైలో పుట్టి అమెరికా వచ్చినవాడే. తర్వాత తనంత తానుగా గొప్ప ఫోటోగ్రాఫర్ అయ్యాడు. పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లకి ఈ రంగంలో తలుపు ఎలా తెరుచుకుంటుందో ఈ ఇద్దర్నీ చూస్తే తెలుస్తుంది. మొదట ఎవరి దగ్గరో లైట్లు మోయాలి. తప్పదు.

ఇక పేరున్నవాళ్ల ఫోటోల మాట. 1957 మేలో మార్లిన్ మన్రో అతని స్టూడియోకి వచ్చింది. గంటల తరబడి ఆడింది, పాడింది, లోకం చూడాలనుకునే మార్లిన్‌గా వెలిగిపోయింది. ఆ తర్వాత అలసిపోయి ఓ మూల కూర్చుంది. అవెడాన్ కెమెరాతో దగ్గరికి వెళ్లాడు. ఆమెకి తెలియకుండా తీయడం అతనికి ఇష్టం లేదు. ఆమె వద్దనలేదు. ఆ ఫోటోలో ఒంటి మీద తళుకుల గౌను అలాగే ఉంది గానీ కళ్లు ఎక్కడో ఉన్నాయి, పెదవులు కాస్త విడివడి ఉన్నాయి. అంతమంది చూసిన మనిషిని అంతవరకూ ఎవరూ చూడలేదనిపిస్తుంది. సెలబ్రిటీ ఫోటోలో అసలు విద్య ఇదే. ఎదుటి మనిషి ఇరవై ఏళ్లుగా సాధన చేసిన నవ్వు ఒకటి ఉంటుంది. అది అయిపోయేదాకా ఓపిగ్గా ఉండాలి.

అలా ఓపిగ్గా చూడడం ఒక్కోసారి నొప్పి పెడుతుంది కూడా. 1969 నుంచి అతను తన తండ్రిని వరసగా ఫోటోలు తీశాడు. ఆయన జబ్బుపడ్డాక కూడా ఆపలేదు. కొడుకు తీసిన తన ఫోటో మొదటిసారి చూసుకున్నప్పుడు ఆయన నొచ్చుకున్నాడు. అప్పుడు అవెడాన్ ఆయనకో ఉత్తరం రాశాడు. నువ్వు కెమెరా ముందు నవ్వే నవ్వు నాకు అక్కర్లేదు, నీలోని ఆకలి, కోపం, పట్టుదల నాకు ఇష్టం, అవే తీస్తున్నాను అన్నది దాని సారం. జవాబు రాలేదు. తండ్రి 1973లో పోయాడు. కొన్నేళ్లకి ఆ ఉత్తరం ఆయన మంచి సూటు లోపలి జేబులో దొరికింది. ఆ ఫోటోలు 1974లో న్యూయార్క్ ఆధునిక కళల మ్యూజియంలో పెట్టారు. కొడుకో కూతురో ఏం చేస్తున్నారో తండ్రికి అర్థమైనా చెప్పలేకపోవడం ఎలా ఉంటుందో నీకు నేను వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మీ ఊరి దగ్గరి సంగతి. ఫోర్ట్‌వర్త్‌లోని ఏమన్ కార్టర్ మ్యూజియం వాళ్లు అడిగితే, 1979 నుంచి 1984 దాకా అవెడాన్ ఎండాకాలాల్లో పశ్చిమ రాష్ట్రాలన్నీ తిరిగాడు. 17 రాష్ట్రాలు, 752 మంది మనుషులు. గని కూలీలు, చమురు బావుల పనివాళ్లు, హోటల్లో వడ్డించే ఆడవాళ్లు, ఇల్లూ వాకిలీ లేని దేశదిమ్మరులు. పెద్ద తెల్ల కాగితం నీడపట్టున గోడకి కట్టి, దాని ముందు నిలబెట్టేవాడు. కెమెరా 8x10 అంగుళాల ఫిల్మ్ వేసే చెక్కపెట్టె. దాని వెనక దాక్కోకుండా, లెన్స్ పక్కన నిలబడి మనిషి కళ్లలోకి చూస్తూ తీసేవాడు. ఫ్యాషన్ పత్రికల్లో మోడళ్లకి ఏ తెలుపు వాడాడో గని మసి అంటిన కుర్రాడికీ అదే తెలుపు. ప్రింటు కూడా నిలువెత్తు. ఫిల్మ్ నల్ల అంచు కత్తిరించకుండా అలాగే ఉంచాడు, ఏమీ కోసెయ్యలేదని చూపడానికి.

పడమటి జనాన్ని దిగులు మొహాలుగా చూపించాడని 1985లో ప్రదర్శన పెట్టినప్పుడు విమర్శ వచ్చింది. అందులో పస లేకపోలేదు. అవెడాన్ నిజాన్ని ఉన్నదున్నట్టు పట్టాడని నేను అనను. ఒంటి నిండా తేనెటీగలు పాకుతున్న బోడిగుండు మనిషి ఫోటో ఒకటుంది. అది దారిలో తగిలింది కాదు. ముందు మనసులో ఊహించి, బొమ్మ గీసుకుని, తేనెటీగల పెంపకందారుల పత్రికలో ప్రకటన వేయించి, మనిషిని వెతుక్కుని తీసింది. తేనెటీగలు వాలడానికి ఆయన ఒంటికి రాణీ ఈగ వాసన పూశారు. అంటే ఫ్యాషన్‌లో నేర్చిన కూర్పు ఇక్కడా ఉంది. తన ఫోటోలు తన అభిప్రాయాలేనని అతనెప్పుడూ ఒప్పుకున్నాడు. నాకు గొప్పగా తోచేది వేరే. ఎవరూ నిలువెత్తు పటం కట్టించని మనుషుల్ని సినిమా తార పక్కన సమానంగా నిలబెట్టాడు. ఆ చూపు పత్రికల్లో, ప్రకటనల్లో పని చేసిన చేతికే వచ్చింది. ఆ జీతం, ఆ ప్రకటనల డబ్బు లేకపోతే అతని సొంత పనులు సాగేవి కావు. కాబట్టి గ్లామర్ పని తక్కువదీ, బీదవాళ్ల ఫోటో గొప్పదీ అని విడదీయకు. ఒకటి ఇంకోదాన్ని పోషించింది.

1992లో న్యూయార్కర్ పత్రిక తన మొట్టమొదటి స్టాఫ్ ఫోటోగ్రాఫర్‌గా అతన్ని తీసుకుంది. అప్పటికి అతనికి డెబ్బై ఏళ్లు దగ్గరపడ్డాయి. 2004లో ఎన్నికల ఏడాది అమెరికా ప్రజాస్వామ్యం మీద ఫోటోలు తీస్తూ శాన్ ఆంటోనియోలో మెదడులో రక్తస్రావమై, అక్టోబర్ 1న పోయాడు. వయసు 81. పని మధ్యలో పోయాడు.

కాబట్టి, బావా, అమ్మాయిని ఆపకు. కానీ కొన్ని మాటలు అడుగు. ఉద్యోగం ఒక్కసారిగా వదలకుండా, శని ఆదివారాల్లో ఎవరైనా పనిమంతుడి దగ్గర సహాయకురాలిగా చేరమను. ఈ పనిలో నెల జీతం ఉండదు, ఇవాళ పని ఉంటే రేపు ఉండకపోవచ్చు, అందుకు కొంత డబ్బు వెనకేసుకోమను. బట్టలూ లైట్లూ నేర్చుకునే ముందు, మీ చుట్టుపక్కల ఇండియన్ స్టోర్లో, పెట్రోల్ బంకులో పనిచేసేవాళ్లని అడిగి, ఒప్పుకుంటే, నీడలో తెల్ల కాగితం ముందు ఒక ఏడాదిపాటు ముఖాలు తీయమను. ఆ ఏడాది ఆమెకి విసుగు రాకపోతే ఈ రంగం ఆమెదే. వస్తే అప్పుడు చూసుకుందాం, ఉద్యోగం ఎలాగూ ఉంది.

ఏమన్ కార్టర్‌కి ఇద్దరూ కలిసి వెళ్లండి. ప్రవేశం ఉచితం. ఆ ప్రింట్లు ఎప్పుడూ గోడ మీద ఉండవు, ముందు కనుక్కుని వెళ్లండి. ఆమె తీసే మొదటి ముఖం మాత్రం నీదే కావాలి. కట్టుడు పళ్లు పెట్టుకుని, కోటు వేసుకుని కూర్చోకు. ఆమె తీసిన ఫోటో నీకు నచ్చకపోయినా, ఎందుకు నచ్చలేదో నోరు తెరిచి ఆమెకే చెప్పు. అది ఆమెకి ఏ కాలేజీలోనూ దొరకని పాఠం.

చెల్లెమ్మకి నా దీవెనలు. మేనకోడలిని నాకు ఒకసారి ఫోన్ చేయమను, లెన్సుల గురించి నాతో మాట్లాడాలంటోందని రాశావు కదా. నీ షుగర్ మందులు వేళకి వేసుకో.

ఉంటాను.

నీ
బావ