సొరుగులోని ప్లేటు ముక్క

పదవీ విరమణ చేసి ఇన్నేళ్లయినా నా బల్ల సొరుగులో ఒక స్టీలు ప్లేటు ముక్క ఉన్నది. తొడ ఎముక విరిగిన ఒక రైతుకు నేనే బిగించిన ప్లేటు అది. నాలుగవ నెలలో ఒక స్క్రూ రంధ్రం దగ్గర రెండు ముక్కలైంది. మళ్లీ శస్త్రచికిత్స చేసి దానిని తీసిన రోజున ఆయన పెద్ద కుమారుడు అడిగాడు: "డాక్టరుగారూ, మా అమ్మ కాపురానికి తెచ్చుకున్న స్టీలు బిందె ఇప్పటికీ చెక్కుచెదరలేదు. మీరు వేసింది నాలుగు నెలలకే విరిగింది. తక్కువ రకం వేశారా అండీ?"

"లేదు బాబూ, మేలైన రకమే" అన్నాను. అది అబద్ధం కాదు. పూర్తి సమాధానమూ కాదు.

స్టెయిన్‌లెస్ స్టీలు ఒకే లోహం కాదు. మంచి వంటపాత్రలకు వాడే 304 రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. ఎముకలకు వాడే 316ఎల్ రకంలో వీటితో పాటు 2 నుండి 3 శాతం మాలిబ్డినం ఉంటుంది; కార్బన్ బాగా తక్కువ. ఇక్కడ చాలామంది పొరబడతారు. ఖరీదైనది కనుక 316ఎల్ ఎక్కువ బలమైనదనుకుంటారు. కాల్చి మెత్తబరచిన స్థితిలో తెగకుండా భరించవలసిన కనీస బలం 304కు 515 మెగాపాస్కల్‌లు, అంటే చదరపు మిల్లీమీటరుకు సుమారు 52 కిలోలు. 316ఎల్‌కు 485 మాత్రమే. నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక రకం 202కు 620! బలమే కొలత అయితే ఆ చవక రకమే ఎముకలో ఉండాలి. కాని మన శరీరం లోపల ఉన్నది ఉప్పునీరు. ఆ ఉప్పుకు గుంటలు పడకుండా తట్టుకొనే గుణం మాలిబ్డినం ఇస్తుంది.

మరి బలం ఎక్కడిది? చల్లని స్థితిలోనే లోహాన్ని సాగదీసి, నలిపి గట్టిపరుస్తారు. మెత్తని 316ఎల్ చదరపు మిల్లీమీటరుకు సుమారు 17 కిలోల వద్దనే శాశ్వతంగా వంగిపోవచ్చు. అలా గట్టిపరచిన ఇంప్లాంటు రకం 70 కిలోల వరకు వంగదు. ముక్కలను కలిపి కట్టే తీగను మాత్రం మెత్తగానే ఉంచుతారు, మెలి పెట్టినప్పుడు తెగకూడదు గనుక. కత్తెరలకు వాడే 420 రకం వేరు జాతి. ఎర్రగా కాల్చి ఒక్కసారిగా చల్లార్చితే పదును నిలుస్తుంది గాని తుప్పుకు లొంగుతుంది. మా థియేటరులో కొత్తగా చేరిన కుర్రవాడు ఒక రాత్రంతా బ్లీచింగు నీళ్లలో నానబెట్టిన కత్తెరలు తెల్లవారేసరికి మచ్చలు తేలాయి.

బలంలో ఇంత తేడా ఉన్నా, వంగడానికి మొరాయించే గుణంలో వీటి మధ్య తేడా దాదాపు లేదు. ఏ రకం తీసుకున్నా యంగ్ గుణకం సుమారు 200 గిగాపాస్కల్‌లే. ఎముకకు అందులో పదవ వంతు. అందువల్ల ఎముక అతికేవరకు బరువులో అధికభాగం ప్లేటే మోస్తుంది. ప్రతి అడుగుకూ వెంట్రుకవాసి వంగి మళ్లీ నిలుస్తుంది. తీగను అటూ ఇటూ వంచి తెంపుతాం కదా, అదే లోహపు అలసట. బిందెకు ఆ బాధ లేదు. ఎముకలోని ప్లేటుకు అది నిత్యకృత్యం. ఎముక ముందుగా అతుకుతుందా, ప్లేటు ముందుగా అలసిపోతుందా అన్నదే పందెం.

ఆ పందెంలో ప్లేటును వెనక్కి లాగినవాడిని నేనే. ఎముక వంపుకు సరిపడేలా వంచబోయి ఎక్కువ వంచాను, తిరిగి తిన్నగా చేశాను. విరిగినది సరిగ్గా ఆ రంధ్రం దగ్గరే. పైగా ఇంటికి పంపేటప్పుడు "జాగ్రత్తగా ఉండండి" అన్నానే గాని, ఎన్ని వారాలు కాలు మోపకూడదో చెప్పలేదు. నాట్ల కాలం. ఆయన ఆరవ వారానికే కర్ర వదిలి పొలం గట్టెక్కాడు. జాగ్రత్తగానే నడిచానని తరువాత నాతో అన్నాడు, పాపం.

రెండవసారి వేసినదీ 316ఎల్ రకమే. ఈసారి తుంటి నుండి కొద్దిగా ఎముకను తెచ్చి విరిగినచోట పేర్చాను. ప్లేటును కొద్దికొద్దిగా, ఒకే వైపుకు, రంధ్రాల నడుమ మాత్రమే వంచాను. డిశ్చార్జి చీటీ మీద ఎక్స్‌రే తీయవలసిన తేదీ వేసి, అంతవరకు ఆ కాలు నేలకు ఆనించరాదని పెద్ద అక్షరాలతో రాసి, కుమారునిచేత చదివించాను.