గడ్డిపువ్వుకూ ఓ పేరుంది!

వానలు పడ్డాక ఏ పల్లె బాట పట్టినా సరే... గట్ల మీద, చెలకల్లో, చెరువు కట్టల మీద ఎవరూ నాటని పూలతోటలే. తెల్లగా తుమ్మి, పసుపుపచ్చగా పల్లేరు, నీలి చుక్కల్లా విష్ణుక్రాంతం. మనం మాత్రం అన్నిటినీ కలిపి ‘గడ్డిపూలు’ అనేస్తాం.

సెలవు దొరికితే చాలు, ఫోన్ పట్టుకుని ఈ పూల వెంట తిరగడం నాకు అలవాటు. తిరగ్గా తిరగ్గా తెలిసిందేమిటంటే- అందమైన ఫొటో వేరు, ఆనవాలు చెప్పే ఫొటో వేరు. పువ్వొక్కటే తీస్తే తంగేడూ పసుపే, కసిందా పసుపే. అదే ఆకు మొదలు చూడండి. తంగేడుకి అక్కడ గుండ్రటి చెవుల్లాంటి రెండు చిట్టి ఆకులుంటాయి. కసిందకు అవి కనిపించవు. తంగేడు కాయ వెడల్పుగా, కాగితంలా పల్చగా ఉంటుంది. కసింద కాయ సన్నం.

అందుకే మొక్క మొత్తం ఒక ఫొటో, పువ్వు ఎదురుగా ఒకటి, పక్క నుంచి ఒకటి, ఆకు వెనక వైపు ఒకటి, కాయ ఉంటే అదొకటి. పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజూ తెలుస్తుంది. కాడను వేళ్లతో తడిమి చూడటం మరవద్దు. తుమ్మి కాడ నలుపలకలుగా తగులుతుంది, తులసిలాగే. రెండూ ఒకే కుటుంబం మరి! విష్ణుక్రాంతం కావాలంటే మాత్రం పొద్దున్నే వెళ్లాలి. మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది.

ఇన్ని ఫొటోలిస్తే యాప్‌లు చాలావరకు శాస్త్రీయ నామం చెప్పేస్తాయి. కానీ మిగతా కథ? 2023 సెప్టెంబరులో వికారాబాద్ దగ్గర ఓ పత్తిచేను గట్టున గడ్డి చామంతిని తీస్తున్నా. ‘ట్రైడాక్స్ ప్రొకంబెన్స్, మధ్య అమెరికా మొక్క’ అంది ఫోను. కలుపు తీస్తున్న అవ్వ తొంగిచూసి, ‘కొడవలి తెగితే గీ ఆకు పసరే పిండుతం బిడ్డా’ అంది. ఆ పక్కనే ఒంటరిగా ఓ గునుగు పువ్వు. ‘గడ్డిమందు కొట్టుడు షురువైనంక గునుగే దొరుకుతలేదు. బతుకమ్మకు అంగట్ల కొంటున్నం’ అందామె. ఏ యాప్ చెబుతుంది ఈ మాట?

ఫొటోలు లేని రోజుల్లోనూ పని ఇలాగే నడిచింది. 1780లలో సామర్లకోటలో ఉన్న ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల్ని స్థానిక చిత్రకారులతో గీయించాడు. వాటి తెలుగు పేర్లు అడిగి రాసుకున్నాడు. 1795 నుంచి వెలువడిన ఆయన పుస్తకంలో బొమ్మల వివరాలతోపాటు ఆ పేర్లూ ఉన్నాయి. మన సోమిద చెట్టు శాస్త్రీయ నామం ‘సోయ్‌మిడా’ కూడా తెలుగు పేరు నుంచి పుట్టిందే.

బొమ్మ గీసిందీ, పేరు చెప్పిందీ ఇక్కడివాళ్లే. ఈసారి పిల్లలతో ఊరెళ్లినప్పుడు పువ్వును కోయకండి, ఫొటో తీయండి. ఆ తర్వాత చేలో ఉన్న పెద్దవాళ్లని పేరడిగి, ఊరూ తేదీతో సహా రాసుకోండి. పువ్వు వచ్చే ఏడు మళ్లీ పూస్తుందేమో... పేరు చెప్పేవాళ్లు అన్నేళ్లూ ఉండరు కదా!