లేక్ ప్లాసిడ్ బ్లూ కావాలనుకున్నా

పాస్ అవుట్ అయి వెళ్లిపోతున్న ఒక సీనియర్ దగ్గర తక్కువకి కొన్న ఎలక్ట్రిక్ గిటార్ నాది. స్ట్రాటోకాస్టర్ ఆకారం, నల్ల రంగు. అంచుల్లో పెచ్చులు ఊడి చెక్క కనిపిస్తుండేది. నాకు మాత్రం మొదటి రోజు నుంచీ ఒకటే కోరిక, దానికి లేక్ ప్లాసిడ్ బ్లూ వేయాలి.

ఆ రంగు కథ నెట్‌లో చదివా. ఫెండర్ కంపెనీ 1954లో స్ట్రాటోకాస్టర్ తెచ్చింది. ఆ తర్వాత వాళ్లు గిటార్లకి వేసిన ప్రత్యేక రంగుల్లో చాలావరకు డ్యూపాంట్ వాళ్ల కారు రంగులే. ఫియస్టా రెడ్ ఫోర్డ్ థండర్‌బర్డ్‌ది, లేక్ ప్లాసిడ్ బ్లూ 1958 కాడిలాక్‌ది. గిటార్ రంగు కావాలంటే కార్లకి పెయింట్ కొట్టే చోటికి వెళ్లాలన్నమాట.

తార్నాకలో మా ఇంటి దగ్గరే అలాంటి షెడ్ ఒకటుంది. పెయింటర్ అన్నకి ఫోన్‌లో ఫొటో చూపించా. "డ్యూకో కొట్టాల్నా తమ్మీ?" అన్నాడు. నాకు ఒళ్లు పులకరించింది. డ్యూకో అనేది డ్యూపాంట్ వాళ్ల నైట్రోసెల్యులోజ్ పెయింట్ పేరు. మన దగ్గర పెయింటర్లు ఇప్పటికీ స్ప్రే పెయింట్‌ని ఆ పేరుతోనే పిలుస్తారు. కానీ ఆయన రేటు చెప్పగానే పులకరింత పోయింది. స్ప్రే డబ్బా కొని నేనే కొట్టుకుంటానన్నా. "బయట కొట్టుకో, ఇంట్ల వద్దు" అన్నాడు.

బాల్కనీ కూడా బయటే కదా అనుకున్నా. పాత పేపర్లు పరిచి సాయంత్రం రెండు కోట్లు కొట్టేశా. మా బాల్కనీ కిటికీ నానమ్మ గదిలోకి తెరుచుకుంటుంది. నానమ్మకి ఆస్తమా. ఈ రెండూ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ విడివిడిగా తెలుసు.

రాత్రి పదకొండింటికి "ఊపిరాడ్తలేదురా" అంది. ముందు ఇన్‌హేలర్, తర్వాత నెబ్యులైజర్. రెండు గంటలు ఆమె వీపు నిమురుతూ కూర్చున్నా. అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. గిటార్ బాడీని తీసుకెళ్లి టెర్రస్ మీద పెట్టొచ్చింది, అంతే. తిట్టినా బాగుండేది.

మూడు నెలలు దాని జోలికి వెళ్లలేదు. తర్వాత ఒకరోజు ఓయూలో, ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చున్నప్పుడు, టెక్నాలజీ కాలేజీలో కెమికల్ ఇంజినీరింగ్ చదివే ఫ్రెండ్‌ని అడిగా, ఏ పెయింట్ బెస్ట్ అని. వాడు తిరిగి అడిగాడు, "డబ్బాలో ఉన్నదాంట్లో చెక్క మీద మిగిలేదెంత, గాల్లోకి పోయేదెంత? అది చూశావా?"

నేను రంగే చూశా. అది చూడలేదు.

వాడు చెప్పింది ఇది. నైట్రోసెల్యులోజ్‌లో ఎక్కువ భాగం థిన్నరే, అదంతా గాల్లోకి పోతుంది. ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది కానీ వాసన వారాల తరబడి వస్తుంది. రెండు డబ్బాలు కలిపి కొట్టే పాలీయూరిథేన్ చాలా గట్టిది. కానీ దాని హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి, అవి లేని ఆస్తమాని కూడా తెప్పించగలవు. నీళ్లతో కలిపే ఆక్రిలిక్‌కి వాసన తక్కువ, కానీ బ్రష్ గీతలు పోయేదాకా రుద్దుకోవాలి. నాలుగోది షెల్లాక్, అంటే లక్క. స్పిరిట్‌లో కరుగుతుంది, స్పిరిట్ తొందరగా ఎగిరిపోతుంది. ఆరిన లక్క ఎంత సేఫ్ అంటే కొన్ని మాత్రల మీద పూతగా కూడా వేస్తారు. చెమట పడితే మాత్రం మసకబారుతుంది.

"మరి సౌండ్?" అన్నా. "తీగల కదలికని పట్టుకునేవి పికప్స్‌లో ఉన్న అయస్కాంతాలు, కాయిల్స్. నీ వాయింపుకి పెయింట్‌తో తేడా ఏం రాదులే" అన్నాడు.

ఇంటికొచ్చి నానమ్మకి చెప్పా. "లక్కనా? లాడ్ బజార్ గాజుల లక్కనేనా?" అంది. అదే. ఇన్ని నెలలుగా నేను స్టైల్‌గా 'లాకర్' 'లాకర్' అంటున్న ఇంగ్లీష్ మాట కూడా మన లక్క నుంచి పుట్టిందేనట. పద్నాలుగేళ్లు ఇంగ్లీష్ మీడియంలో చదివి ఇది తెలుసుకున్నా.

ఈసారి పనంతా క్యాంపస్‌లో, ఫ్రెండ్ హాస్టల్ టెర్రస్ మీదే. మాస్క్ పెట్టుకుని 80 నంబర్ శాండ్ పేపర్‌తో పాత పెయింటూ నా నీలం కోట్లూ గీకేసి, 180, 320తో నున్నగా చేశా. లక్క రేకుల్ని రాత్రంతా స్పిరిట్‌లో నానబెట్టి, వడకట్టి, గుడ్డలో చుట్టిన దూదితో పల్చగా పూస్తూ పోయా. వారం రోజులు పట్టింది. ఇంకో వారం అక్కడే ఆరనిచ్చాక ఇంటికి తెచ్చి, గది బయటే నిలబడి, "వాసనొస్తుందా నానమ్మా?" అని అడిగా.

"ఏం వస్తలేదు, లోపలికి తే" అంది. బాడీని ఒళ్లో పెట్టుకుని వేలితో రాసి చూసింది.

నీలం కాలేదు. తేనె రంగులో ఉంది. ఎండాకాలంలో కుడి మోచెయ్యి ఆనే చోట చెమటకి అప్పుడే కొంచెం మసకబారింది. లక్కతో ఒక సుఖం, కొత్త పూత పాత పూతలో కరిగి కలిసిపోతుంది, మొత్తం గీకక్కర్లేదు. ఈ ఆదివారం గిటార్ మళ్లీ హాస్టల్ టెర్రస్‌కి వెళ్తుంది.