పగ్గములు ఎవరి చేతిలో?



నేను నాగర్‌కర్నూలులో ఆంగ్లోపాధ్యాయుడుగా నున్న దినములలో, అధికారము చేపట్టుటను గూర్చిన ఆంగ్ల నుడికారములను ఒకనాడు పిల్లలకు బోధించుచుంటిని. ‘టేక్ ద రెయిన్స్’ అనగా పగ్గములు చేపట్టుట. ‘టేక్ ద హెల్మ్’ అనగా ఓడ చుక్కానిని చేతబట్టుట. ఈ రెంటికిని నాయకత్వము వహించుట అని భావము. ‘టేక్ ద బుల్ బై ద హార్న్స్’ అనగా ఆబోతును కొమ్ములు పట్టి నిలుపుట, కష్టమునకు వెరవక ఎదురు నిలుచుట.

వెనుక వరుసలోని రైతుబిడ్డ యొకడు లేచి, “సార్, ఎద్దును కొమ్ములు పట్టి ఎవరాపుతరు? పొడుస్తది. ముకుతాడు పట్టుకోవాలె” అనెను. అందరును నవ్విరి. నేనును నవ్వితిని.

అయితే ఆ మాట ఇంటివరకు నన్ను వెంబడించెను. ఏలయనగా నా ఇంటిలో నేను కొమ్ములే పట్టియుంటిని. నా కుమారుడు ఉపాధ్యాయుడు కావలెనని కోరెను. వాని మనస్సు తెలిసికొనకయే, ఇంజనీరింగు చదువవలసినదేనని నేను శాసించితిని. అనరాని మాటలంటిని. వాడు ఇల్లు విడిచిపోయెను. రెండు సంవత్సరములు ఉత్తరము ముక్క లేదు. వాని తల్లి ప్రతిదినము వానికొరకు కన్నీటితో ప్రార్థించుచుండెను. నేనో, “తండ్రిని గదా, పగ్గములు నావి” అనుకొనుచుంటిని.

ఆ రాత్రి నా బాల్యము నాటి సంగతి యొకటి జ్ఞాపకమునకు వచ్చెను. 1990వ దశకమున జూరాల ఆనకట్ట పూర్తి కాకపూర్వము, ఆత్మకూరు వైపునుండి గద్వాలకు పోవలెనన్న కృష్ణానదిని పుట్టిలో దాటవలెను. వెదురుతో అల్లిన గుండ్రని పుట్టికి ముందు వెనుకలు లేవు, చుక్కాని అసలే లేదు. నడియేట అది గిరగిర తిరుగగా, నేను భయపడి లేచి తెడ్డు అందుకొనబోతిని. పుట్టి ఒరిగెను. పుట్టివాడు కోపపడక, “తెడ్డు ఒక్కని చేతులనే ఉండాలె బిడ్డా, నువ్వు కూసో” అనెను. కూర్చుంటిని. గట్టు చేరితిమి.

దీపము వెలిగించి యాకోబు పత్రిక 3వ అధ్యాయము తీసితిని. గుఱ్ఱపు కళ్లెమును, ఓడ చుక్కానియు అచ్చటనే యున్నవి! అయితే అవి ఇతరులను ఏలుటను గూర్చి చెప్పినవి కావు. నా నాలుకను నేను అదుపులో నుంచుకొనుటను గూర్చి చెప్పినవి. గలతీ పత్రికలోని ఆత్మఫలములలో కడపటిది ఆశానిగ్రహము గదా. దేవుడు నాకిచ్చిన పగ్గము నాది మాత్రమే. దానిని విడిచి, ఆయన చేతిలోనున్న నా కుమారుని పగ్గమును లాగుకొంటిని.

నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాలలలో ప్రయాసపడిన మెన్నోనైట్ బ్రదరెన్ మిషనరీలు సయితము కాలము వచ్చినప్పుడు సంఘపు పగ్గములను తెలుగువారి చేతికప్పగించి వెళ్లిరి. పట్టుకొనుట యెంత సేవయో, విడుచుటయు అంత సేవయే.

మరునాడు వాని స్నేహితుని ద్వారా జాడ తెలిసికొని, “నేను తప్పు చేసితిని, నన్ను క్షమించుము” అని వ్రాసితిని. జవాబు రాలేదు. క్రిస్మసు ఆరాధనలో వెనుక బల్లమీద వాడు కూర్చుండి యుండుట చూచితిని. ఆ దినమున నేను ఎక్కువ మాటలాడలేదు. నాలుకను అదుపులో నుంచుకొనుట అప్పుడే నేర్చుకొనుచుంటిని.

చదువరీ, నీ యింటిలో నీవు పట్టియున్నది పగ్గమా, కొమ్ములా? నేడే మోకాళ్లూని ప్రభువు నడుగుము.