రక్తం కనబడక ముందు చేయించే పరీక్ష

"డాక్టర్ గారూ, కొలనోస్కోపీ కాకుండా ఇంకో పరీక్ష ఏదైనా లేదా?" హైదరాబాద్‌లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు పేగుల జబ్బులు చూసే ఏ వైద్యుడికైనా బాగా పరిచయమైన ప్రశ్న ఇది. అడిగేవాళ్లు రెండు రకాలు. ఒకరికి యాభై దాటాయి, ఒంట్లో ఏ బాధా లేదు. తెలిసినవాళ్లెవరికో పెద్దపేగు క్యాన్సర్ అని విని భయపడ్డారు. ఇంకొకరికి నెలల తరబడి మోషన్‌లో రక్తం పడుతోంది. మొలలే అనుకుని మెడికల్ షాపు ఆయింట్‌మెంట్‌తో నెట్టుకొస్తున్నారు. మలద్వారం గుండా కెమెరా గొట్టం పెట్టి పెద్దపేగును చూసే ఈ పరీక్షకు మొదటివారికి ప్రత్యామ్నాయం ఉంది, మంచిదే ఉంది. రెండోవారికి లేదు. ఈ తేడా విడమరిచి చెప్పకపోతే ప్రాణాలమీదికి వస్తుంది.

మొదటివారికి నేను చెప్పేది, మలంలో కంటికి కనబడని రక్తాన్ని వెతికే ఫిట్ అనే పరీక్ష. పాత పరీక్ష మటన్ తిన్నా పాజిటివ్ చూపేది. ఇది మనిషి రక్తాన్నే పట్టుకుంటుంది కాబట్టి పథ్యం అక్కర్లేదు. ట్యూబు మూతకున్న గాడి పుల్లతో మలాన్ని నాలుగైదు చోట్ల గుచ్చి, తిరిగి ట్యూబులో పెట్టి బిగిస్తే చాలు. కమోడ్ నీళ్లలో పడకముందే తీయాలి, ఆ పూటే ల్యాబ్‌లో ఇవ్వాలి. ఏప్రిల్, మే ఎండల్లో స్కూటర్ డిక్కీలో పెట్టుకుని తిరిగితే వేడికి హిమోగ్లోబిన్ చెడిపోయి, ఉన్న రక్తం లేనట్టు రావచ్చు. "అది నూటికి నూరు పట్టుకుంటుందా?" అంటే, పట్టుకోదు. 2014లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఒక్కసారి చేసిన ఫిట్ నూటికి 74 క్యాన్సర్లను పట్టింది. క్యాన్సర్‌గా మారగల ముదిరిన పాలిప్‌లలో (పేగు లోపలి గోడమీద పెరిగే పిలకల్లో) నాలుగో వంతు కూడా దొరకలేదు. అందుకే ఒకసారి చేయించి వదిలేసే పరీక్ష కాదిది, ఏటా చేయించాలి. స్పెయిన్‌లో 50 వేల మందికి పైగా వ్యక్తులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టును ఒక్కసారి కొలనోస్కోపీకి, ఇంకో జట్టును రెండేళ్లకోసారి ఫిట్‌కు పిలిచారు. పదేళ్ల ఫలితం 2025లో వచ్చింది: క్యాన్సర్ మరణాలను ఆపడంలో ఫిట్ వెనకబడలేదు. ఫిట్‌కు వచ్చినవాళ్లే ఎక్కువ. మరణాలు దాదాపు సమానం కావడానికి అదే ముఖ్య కారణమని నా అభిప్రాయం.

రక్త పరీక్షతో తేలిపోతే బాగుండునని అందరికీ ఉంటుంది. ఫుల్ బాడీ ప్యాకేజీల్లో సీఈఏ అనే రక్త పరీక్షను చేర్చి అమ్ముతున్నారు కూడా. తొలిదశ క్యాన్సర్‌లో అది మామూలుగానే ఉండొచ్చు, పొగ తాగేవారిలో క్యాన్సర్ లేకున్నా పెరగొచ్చు. లక్షణాలు లేనివారిలో జబ్బు వెతకడానికి అది పనికిరాదు. 2024 జులైలో అమెరికా అనుమతించిన షీల్డ్ రక్త పరీక్ష క్యాన్సర్లను నూటికి 83 పట్టినా, ముదిరిన పాలిప్‌లను 13 మాత్రమే పట్టింది. పాలిప్‌ను తీసేస్తే క్యాన్సర్ రాకుండానే ఆపవచ్చు, కాబట్టి ఆ లోటు చిన్నది కాదు. సీటీ స్కాన్‌తో పేగు లోపలిని చూసే సీటీ కొలనోగ్రఫీకైతే పేగు శుభ్రం చేసే మందు ఎలాగూ తాగాలి.

"మన దేశంలో ఈ క్యాన్సర్ తక్కువ కదా, ఇంత హడావిడి ఎందుకు?" అన్నది న్యాయమైన అభ్యంతరమే. ప్రభుత్వ కార్యక్రమం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లకే పరిమితమైందంటే నేను తప్పుపట్టను. ఇంటింటికీ ఫిట్ పంచమనడం లేదు. ప్యాకేజీలకు సొంత డబ్బు పోసేవాళ్లు అందులో ఫిట్ అడగమంటున్నాను. మన దగ్గర ఈ జబ్బు యాభై లోపు వాళ్లలోనూ, మలద్వారానికి దగ్గరగా రెక్టమ్‌లోనూ ఎక్కువగా కనిపిస్తుంది. కాబట్టి ముప్పై ఐదేళ్ల మనిషికి రక్తం పడినా "వయసు చిన్నది, మొలలే" అని చూడకుండా తేల్చకూడదు. వేలితో చేసే పరీక్షకు రెండు నిమిషాలు పట్టదు. అందే దూరంలో ఉన్న గడ్డ దాంతోనే తెలుస్తుంది. అది ఏమీ తేల్చకపోయినా రక్తం ఆగని మనిషికి, లేదా కారణం తెలియకుండా రక్తహీనత వచ్చిన మనిషికి, ఫిట్ నెగెటివ్ భరోసా కాదు, కొలనోస్కోపీయే చేయించాలి.

ఫిట్ పాజిటివ్ వచ్చినవాళ్లు మాత్రం ఒక పని చేయకండి: ఇంకో ల్యాబ్‌లో మళ్లీ చేయించి, నెగెటివ్ వచ్చిందని ఊరుకోకండి. గడ్డ రోజూ రక్తం కార్చదు; పాజిటివ్ వస్తే తర్వాతి మెట్టు కొలనోస్కోపీయే. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే, నలభై ఏళ్లకు, లేదా వారికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్లు ముందు, ఏది ముందైతే అప్పుడే, నేరుగా కొలనోస్కోపీయే చేయించుకోండి. పేగుకు చిల్లు పడే ప్రమాదం వెయ్యిమందిలో ఒకరికన్నా తక్కువ. ఖర్చుకు భయపడి ఆగకండి. ఎల్బీనగర్‌లో ఎక్కిన మెట్రో రైలే మారకుండా ఉస్మానియా ఆసుపత్రి దగ్గరికీ, పంజాగుట్ట నిమ్స్ దగ్గరికీ తీసుకెళ్తుంది; రెండు సర్కారు ఆసుపత్రుల్లోనూ గ్యాస్ట్రో విభాగాలున్నాయి.