మీటరు చెప్పని వయస్సు

"42,000 కిలోమీటర్లే గదా తిరిగినది, అప్పుడే టైమింగ్ బెల్టు ఏల?" అని యడిగితిని.

మా పాత శాంట్రో బానెట్టు క్రింద తల దూర్చియున్న మెకానిక్కు ఇటు చూడకయే, "బండి వయసు చూడండి సార్, రబ్బరుకు మీటరుతో పనేముంది" అనెను.

నిజమే. సామాన్యముగా 60,000 మొదలు 1,00,000 కిలోమీటర్ల వరకు తయారీదారులు విధించు గడువు వెంట, ఇన్ని సంవత్సరములని మరియొక గడువు గూడ నుండును; ఏది ముందు వచ్చిన నదియే ప్రమాణము. ఎండకు నిలిచిన బండి నడువకున్నను, ప్లాస్టిక్ మూత చాటున బెల్టు గట్టిపడుచు, బీటలు వారుచు వృద్ధాప్యము నొందుచునే యుండును.

క్రాంక్‌షాఫ్టు రెండు చుట్లు తిరుగునంతలో క్యామ్‌షాఫ్టును సరిగా ఒక్క చుట్టు త్రిప్పవలసిన ఆ పట్టీ పరుగు నడుమ తెగినచో, అనేక ఇంజన్లలో పిస్టన్లు తెరచియున్న వాల్వులను తాకి వంచివేయును.

బ్రేకు కీచుమనును, క్లచ్చి జారును; ఇది మాత్రము తరచుగా మాటమాత్రమైన చెప్పదు. నాకు భయము అచ్చటనే.

ఎట్లును విప్పుచున్నారు గనుక టెన్షనరు గూడ మార్చుమంటిని.

మిత్రులారా, బెల్టు చరిత్ర తెలియని సెకండ్ హ్యాండు బండి కొన్నవారు మీలో నెవరైన గలరా? వెంటనే మార్పించితిరా, వేచితిరా?