బండి మోసుకెళ్లే నీళ్లు

చిన్న క్యాంపింగ్ ట్రైలర్‌కు మంచినీళ్ల ఏర్పాటు బరువు లెక్కతో మొదలవుతుంది. లీటరు నీళ్లు కిలో తూగుతాయి. అమెరికా గ్యాలన్ 3.785 లీటర్లు కాబట్టి, ఇద్దరు పడుకునే టియర్‌డ్రాప్ బండిలో 20 గ్యాలన్ల ట్యాంకు పెడితే 75 కిలోలు పైకెక్కినట్టే. డెత్ వ్యాలీకి వెళ్లేవాళ్లను మనిషికి రోజుకు కనీసం నాలుగు లీటర్లు తాగమంటుంది నేషనల్ పార్క్ సర్వీస్. ఆ లెక్కన ఇద్దరికి మూడు రోజుల్లో తాగడానికే 24 లీటర్లు పోతాయి. మిగిలిన 50 వంటకీ, గిన్నెలకీ, ముఖాలు కడుక్కోవడానికీ సరిపోతాయి, స్నానాల మాట తలపెట్టకపోతే. బియ్యం మూడుసార్లు కడిగి, చేత్తో కలుపుకుని తినే తెలుగు కుటుంబం ఇంకొంచెం ఎక్కువే వేసుకోవాలి.

ట్యాంకు ఎంత పెద్దదన్నదాని కంటే ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. ట్రైలర్ బరువులో పది నుంచి పదిహేను శాతం కారు హిచ్ మీద పడాలి. 700 కిలోల బండి హిచ్ మీద 70 కిలోలు మోపుతోందనుకుందాం. హిచ్ ఇరుసుకు మూడు మీటర్ల ముందుంది. ట్యాంకును ఇరుసుకు మీటరు వెనక బిగించారు. 75 లీటర్లు నింపగానే హిచ్ మీది బరువు 25 కిలోలు తగ్గి 45కి దిగుతుంది. 775 కిలోల బండికి అది ఆరు శాతం కూడా కాదు. హైవే ఎక్కాక అలాంటి బండి వెనకభాగం అటూ ఇటూ ఊగుతుంది, ఒక్కోసారి కారునే పక్కకు లాగేస్తుంది. కాబట్టి ట్యాంకు చోటు ఇరుసు మీద, లేదా దానికి కాస్త ముందు. అడుగు మొత్తం ప్లైవుడ్ మీద ఆనాలి, పక్కలకు చెక్క అడ్డాలు, పైన గట్టి పట్టీలు ఉండాలి. సగం ఖాళీ అయిన ట్యాంకులో నీళ్లు ప్రతి బ్రేకుకీ ఎగిసి కొడతాయి. పట్టీలు వదులైతే ఆ దెబ్బ గొట్టాల అతుకుల మీద పడుతుంది.

తాగునీటికి తగినదని ఎన్‌ఎస్‌ఎఫ్ 61 ప్రమాణం పొందిన పాలిథిలిన్ ట్యాంకే కొనాలి. వెలుతురు చొరబడే తెల్ల ట్యాంకు ఎండపొడ తగిలే చోట ఉంటే పాచి పడుతుంది, కప్పి ఉంచాలి. నింపడానికి తోటలో వాడే పచ్చ గొట్టం పనికిరాదు, తాగునీటి కోసం చేసిన గొట్టం వేరే దొరుకుతుంది.

ఇక గాలి గొట్టం. 1936లో వచ్చిన ఎయిర్‌స్ట్రీమ్ క్లిప్పర్ ట్రైలర్‌లోనే సొంత నీటి ఏర్పాటు ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా సొంతంగా బండి కట్టుకునేవాళ్లు ట్యాంకు, పంపు, కుళాయి కోసం నెలల తరబడి వెతుకుతారు. గాలి గొట్టాన్ని మాత్రం చివర్లో, మిగిలిన ముక్కతో, మిగిలిన సందులోంచి లాగేస్తారు. ఇది క్షమించదగ్గ అశ్రద్ధ కాదు. ట్యాంకులోకి లీటరు నీళ్లు పోవాలంటే లీటరు గాలి బయటికి రావాలి. దానికి వేరే దారి లేకపోతే నీళ్లు వచ్చే గొట్టంలోంచే ఎదురొస్తుంది. క్యాంపు కుళాయి దగ్గర తరచూ కనిపించే దృశ్యమే ఇది: మూతి దగ్గర గుడగుడమని చప్పుడు, ఒక్కసారిగా నీళ్లు మొహాన చిమ్మడం, నిండిందనుకుని మూత బిగించి వెళ్లిపోవడం. రెండో రోజు మధ్యాహ్నానికే పంపు ఒట్టి గాలి లాగుతుంది. నీళ్లు తోడేటప్పుడు ఇబ్బంది ఇంకో రకం. ఖాళీ అవుతున్న చోటికి గాలి రాకపోతే పంపు ఆయాసపడుతుంది, పల్చటి ట్యాంకు గోడలు లోపలికి నొక్కుకుపోతాయి.

మంచి గాలి గొట్టానికి అర అంగుళం లావు చాలు, కానీ దాని నడక సరిగా ఉండాలి. ట్యాంకులో అన్నిటికన్నా ఎత్తయిన మూల నుంచి బయలుదేరి, ఎక్కడా కిందికి వంగకుండా పైకే సాగాలి. మధ్యలో చిన్న వంపు వచ్చినా అందులో నీళ్లు నిలిచి గాలికి అడ్డుపడతాయి. పై చివర నీళ్లు పోసే మూతి కంటే ఎత్తులో ఉండాలి. ఆ చివరను కిందికి వంచి సన్నటి జాలీ కట్టాలి. కట్టకపోతే కందిరీగలు మట్టితో గూడు పెట్టేస్తాయి. పోసే గొట్టం ఇందుకు ఎదురు: అంగుళంపావు లావు, ఆసాంతం కిందికి వాలు.

పంపు సాధారణంగా 12 వోల్టుల బ్యాటరీతో నడుస్తుంది. దానికి ముందు వడపోత జాలీ, తయారీదారు చెప్పిన ఫ్యూజు తప్పవు. నిమిషానికి దాదాపు 11 లీటర్లు తోడే పంపులు దొరుకుతాయి, అక్కడే వస్తుంది చిక్కు. కుళాయి పూర్తిగా తిప్పి వదిలేస్తే 75 లీటర్లు ఏడు నిమిషాల్లో అయిపోతాయి. చిన్న బండికి కాలితో తొక్కే పంపే మేలు. బియ్యం కడగడానికి రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, కాలు ఆగితే నీళ్లూ ఆగుతాయి, బ్యాటరీ బెంగ లేదు. మరచెంబు చేతపట్టుకుని రైలెక్కిన తరానికి నీళ్ల పొదుపు సంగతి వేరే చెప్పనక్కర్లేదు. మరలు తిప్పి బిగించే ఇత్తడి మూత, పట్టుకోవడానికి పైన పిడి. బెర్తు కింద దొర్లినా చుక్క కారేది కాదు. స్టేషన్ కుళాయిలో నింపుకోవడానికి ఇంట్లో ఒకరు దిగేవారు, రైలు కదిలేలోగా పరుగున ఎక్కేవారు, అంతవరకూ కిటికీ దగ్గర అందరి ప్రాణాలూ అరచేతిలో ఉండేవి. తర్వాత పెద్ద స్టేషన్ వచ్చేదాకా ఆ నీళ్లే. ముందు పిల్లలకు, తర్వాత పెద్దలకు, చేతులు కడుక్కోవడానికి చారెడు. సీసా నీళ్లు వచ్చాక మరచెంబు అటకెక్కింది, తర్వాత పాత సామాన్లవాడి తక్కెడలోకి దిగింది. అంత చక్కటి పనితనమున్న వస్తువు తూకానికి పోవడం బాధాకరం.

గొట్టాలకు అర అంగుళం పెక్స్ ప్లాస్టిక్ సరిపోతుంది. విద్యుత్ పంపు పెట్టేవాళ్లు దానికి రెండు వైపులా మెత్తటి గొట్టం ముక్కలు వేస్తే అదురు గోడలకు పాకదు. క్యాంపు కుళాయిని నేరుగా కలిపేవాళ్లకు ఒత్తిడి తగ్గించే రెగ్యులేటర్ తప్పనిసరి.

అన్నిటికన్నా పల్లంలో ఖాళీ చేసే వాల్వు ఉండాలి. గడ్డకట్టే నీళ్లు తొమ్మిది శాతం ఉబ్బుతాయి, పంపు తల పగిలిపోవచ్చు. చలికాలానికి ముందు ట్యాంకు ఖాళీ చేసి, గొట్టాల్లో ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసిన గులాబీరంగు ద్రవం నింపుతారు. కారు రేడియేటర్లలో ఎక్కువగా పోసే ఎథిలీన్ గ్లైకాల్ విషం, దాన్ని దగ్గరికి రానివ్వకూడదు. వసంతంలో ఆ ద్రవాన్ని కడిగేశాక, వాసన కలపని ఇంటి బ్లీచ్ 15 గ్యాలన్లకు పావు కప్పు లెక్కన నీళ్లలో కలిపి ట్యాంకు నింపాలి. ప్రతి కుళాయిలోనూ బ్లీచ్ వాసన వచ్చేదాకా వదిలి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే పారబోసి, వాసన పోయేదాకా మంచినీళ్లతో కడగాలి.